ఫింజాన్ ఓట్లు

మొన్న సాయంత్రం టీవీలో వార్తలు వస్తున్నాయి. అమెరికాలో కొందరు చట్టసభ సభ్యులు, గాలి కాలుష్యం మీద అక్కడి కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఒక నిబంధనను ఎత్తేయించాలని పట్టుబట్టారట. పొగగొట్టాల నుంచి వచ్చే పొగకు హద్దు పెట్టే నిబంధన అది. దానివల్ల ఖర్చు పెరిగిపోతోందని వాళ్ల గోల, అది లేకపోతే ఊపిరాడని వాళ్ల గతేమిటని అవతలివాళ్ల గోల. ఎవరికెన్ని ఓట్లు పడతాయో ఇంకా తేలలేదని వార్తలు చదివే అమ్మాయి నవ్వుతూ చెప్పింది. నా చేతిలో తాగేసిన కాఫీ కప్పు ఉంది. నాకు తెలియకుండానే దాన్ని టీవీ వైపు చాపి, మణికట్టు తిప్పి అటూ ఇటూ ఊపాను.

మా ఆయన చూడనే చూశారు.

"మామ పాయ గానీ, నీకా ఓటు మాత్రం పోల్యా," అన్నారు.

ఇద్దరం నవ్వాం. తర్వాత నాకు ఏడుపొచ్చింది. మామ పోయి నెల కూడా కాలేదు.

ఆయన నాకు వరసకు మామ కాడు. చుట్టరికం లేదు, మతం వేరు. ఆయనది రాయచోటి, మాది కడప. కువైట్‌లో హవల్లీలో మేమున్న బిల్డింగులో కింది అంతస్తులో ఆయన గది. అందరూ గహ్వా మామ అనేవాళ్లు, నేనూ అన్నాను. గహ్వా అంటే అరబ్బుల కాఫీ. పాలుండవు, చక్కెర ఉండదు, చేదుగా, పల్చగా, ఏలకుల వాసనతో ఉంటుంది. మిష్రిఫ్‌లో ఒక కువైటీ ఇంట్లో మగవాళ్లంతా సాయంత్రాలు చేరి కబుర్లాడుకునే దీవానియాలో గహ్వా పోయడం ఆయన ఉద్యోగం. పొడుగు ముక్కున్న ఇత్తడి కూజాను దల్లా అంటారు. అది ఎడమచేతిలో. పిడిలేని బుల్లి కప్పులు, ఫింజాన్లు, ఒకదానిలో ఒకటి దొంతరగా కుడిచేతిలో. గదిలోకి వచ్చేముందు ఆ ఫింజాన్లను ఒకదానికొకటి తగిలించి టిక్కుటిక్కుమనిపించేవాడు. మేం మెట్ల మీద ఉన్నా, లిఫ్టులో ఉన్నా, ఆ చప్పుడు వింటే మామ వస్తున్నాడని తెలిసిపోయేది.

పొట్టి మనిషి. పొట్ట కొంచెం ముందుకి. ఆ పొట్ట మీద దల్లాను ఆనించి నిలబడి మాట్లాడటం అలవాటు. నవ్వితే కళ్లు కనిపించేవి కావు.

నేను కొత్తగా కాపురానికి వెళ్లిన వారం, ఒక శుక్రవారం పొద్దున, మమ్మల్ని చూడటానికి దల్లా పట్టుకుని వచ్చాడు. నాకో ఫింజాన్ పోశాడు. చేదు. మర్యాదకు తాగేశాను. మళ్లీ పోశాడు. "చాలు మామా," అన్నాను. మళ్లీ పోశాడు. "వద్దు మామా, నిజంగా చాలు," అన్నాను. ఇంకోసారి పోశాడు. మా ఆయన గోడకు ఆనుకుని నవ్వుతున్నారే గానీ ఒక్క ముక్క చెప్పరు. నా మొహం చూసి జాలేసిందేమో, చివరికి మామే చెప్పాడు.

"పాపా, ఈడ నోటితో చెప్తే లెక్కల్యా. ఫింజాన్ ఇట్ల ఊపల్ల. ఊపినావంటే చాలని. ఊపకుంటే పోస్తానే ఉంటా, నువ్వు అరిసినా పోస్తా."

"ముందే చెప్పచ్చు గదా మామా!"

"చెప్తే నేర్సుకుంటావా? తాగితే నేర్సుకుంటావు."

ఆ రోజు నాకు కంటి మీద కునుకు లేదు. ఊపడం మాత్రం జన్మలో మర్చిపోలేదు.

విచిత్రమేమిటంటే, తను మాత్రం గహ్వా ముట్టడు. "గహ్వా కఫీల్ కోసరం, చాయ్ నా కోసరం," అనేవాడు. కఫీల్ అంటే ఆయన్ని పనికి పెట్టుకున్న కువైటీ ఆసామి. తన చాయ్‌ను డబ్బాపాలు పోసి, ఏలకులు చితక్కొట్టి, చిక్కబడేదాకా మరగబెట్టుకుని, ఊదుకుంటూ తాగేవాడు. తాగేటప్పుడు పలకరిస్తే పలికేవాడు కాదు.

ఇంకో గుణం కూడా ఉండేది. ఎవరైనా ఏదైనా రూలు పెడితే చాలు, ఆయన ఒళ్లు చిటపటలాడేది. మా బిల్డింగులో రూళ్లు పెట్టే పని ఇంజనీరు గారిది. ఆయనది రాజమండ్రి వైపు. తెల్ల చొక్కా, కళ్లద్దాలు, ఎవరితోనైనా "అండీ" అనే మాట. సబ్హాన్‌లో ఒక గిడ్డంగికి పెద్ద. మంచివాడే, కానీ మెట్లెక్కడానికీ దిగడానికీ కూడా ఒక పద్ధతి ఉండాలనే రకం. లిఫ్టులో చేపలు తేకూడదని ఒకసారి రూలు పెట్టారు.

"సార్, అది సచ్చిన చేప. లిఫ్టులో వొస్తే దానికి కష్టమా, మీకు కష్టమా?" అని అడిగాడు మామ.

"వాసనండీ, వాసన," అన్నారు ఇంజనీరు గారు.

మామ గదిగదికీ తిరిగి, గహ్వా పోసి, అందరినీ తన వైపు తిప్పుకున్నాడు. వారం తిరక్కుండా చేపలు లిఫ్టెక్కాయి. డాబా మీద బట్టలారేసే రూలూ అంతే, గుమ్మంలో చెప్పులు విడిచే రూలూ అంతే. ఒకాయన రూళ్లు పెట్టడానికి, ఒకాయన వాటిని తీయించడానికి పుట్టారని అనుకునేవాళ్లం. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టమేనని కూడా మాకు తెలుసు. శుక్రవారం మామ పోసే మొదటి ఫింజాన్ ఇంజనీరు గారికే.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. మామ కఫీల్ కుటుంబం ఎండాకాలం సెలవులకని అంతకుముందే దేశం దాటి వెళ్లింది. కొన్నాళ్లాగి మామ మిష్రిఫ్ వెళ్లి చూసొచ్చాడు. గేటు విరిగిపోయి ఉందట, తివాచీల దగ్గర్నుంచి దీపాల దాకా అన్నీ ఎత్తుకుపోయారట. దల్లా ఒక్కటి మూలన పడి ఉంటే తువాల్లో చుట్టుకుని తెచ్చాడు. "ఇత్తడి ముక్కే గదాని వొదిలిపెట్టినారు, బుద్ధిల్యాని నా కొడుకులు," అని తిట్టాడు. కఫీల్ తిరిగొస్తే అప్పగించాలని రోజూ తోముతూ ఉండేవాడు.

మనవాళ్లు చాలామంది బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరి, విమానమెక్కి ఊళ్లకు వెళ్లిపోయారు. మేం వెళ్లలేదు, నావల్లే. నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. ఆ ఎడారి దుమ్ములో ప్రయాణం, సరిహద్దు దగ్గర గుడారాల్లో ఎదురుచూపులు నేను తట్టుకోలేనని మా ఆయన వెనకాడారు. రేపు మాపు అనుకుంటుండగానే దారులు మూసుకుపోయాయి. నేను పీల్చే మందు చలికాలానికి అడుగంటింది. మా ఆయన హవల్లీ అంతా గాలించారు. మందుల షాపులన్నీ మూసేసో, దోచేసో ఉన్నాయి.

జనవరిలో అమెరికావాళ్ల బాంబులు పడటం మొదలయ్యాక మిగిలినవాళ్లమంతా బిల్డింగు కింద సర్దాబ్‌లోకి, అంటే నేలమాళిగలోకి చేరాం. ఇంజనీరు గారు, మామ, మేమిద్దరం, మిష్రిఫ్‌లో యజమానులు వెళ్లిపోతే దిక్కులేక మా దగ్గరికొచ్చిన రాజంపేట పిల్ల ఒకతె, సబ్హాన్ వర్క్‌షాపుల్లో పనిచేసే కుర్రాళ్లు కొందరు. ఆ కుర్రాళ్లకు పెద్ద ఒక కరీంనగర్ వెల్డరు. నేలమాళిగకు ఉన్నది ఒకే చిన్న కిటికీ, వీధి మట్టానికి. వీధికి అవతల బడి, బడి నిండా ఇరాకీ సైనికులు. అందుకని ఆ కిటికీకి అట్ట కొట్టి, గుడ్డలు కుక్కి మూసేశాం.

మొదటి రోజే ఇంజనీరు గారు రూలు పెట్టారు. "చూడండి బాబూ. ఇక్కడ పొయ్యి వెలిగించకూడదు. సిగరెట్టు, ఊదు, అగరొత్తి, ఏదీ కుదరదు. వంట మూడో అంతస్తులో వెనకవైపు గదిలో చేసుకుని కిందికి తెచ్చుకుందాం."

నా పేరెత్తలేదు గానీ అందరూ నా వైపే చూశారు. నా ఒక్కదాని ఛాతీ కోసం ఒక చట్టం! మోయలేని నామోషీ అనిపించింది. రాజంపేట పిల్ల రోజూ పొద్దున తన దగ్గరున్న బుల్లి వెంకటేశ్వరస్వామి పటం ముందు అగరొత్తిని వెలిగించకుండానే గుచ్చి దణ్ణం పెట్టుకునేది. వెల్డరు అంటించని సిగరెట్టును పెదాల మధ్య పెట్టుకుని గంటలు గంటలు కూర్చునేవాడు. వాళ్లిద్దరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఉండేది నాకు.

గ్యాసు బండలు అయిపోయాయి. పై గదిలో విరిగిన కుర్చీలు, మంచాలు పెట్టి వండటం మొదలుపెట్టాం. ఒక మధ్యాహ్నం ఆ పొగ చూసి ఇద్దరు సైనికులు పైకొచ్చారు. ఉడుకుతున్న అన్నం కుండను కాలితో తన్నారు. బియ్యం బస్తా భుజానేసుకున్నారు. అడ్డం వచ్చిన ఇంజనీరు గారి చెంప మీద కొడితే కళ్లద్దాలు పగిలాయి. ఆ తర్వాత పైకెళ్లే ధైర్యం ఎవరికీ లేకపోయింది. దాచిన కాస్త బియ్యమూ పప్పూ ఉన్నాయి గానీ నిప్పు లేదు. ఎండిన ఖుబ్జ్ రొట్టెలు, ఖర్జూరాలు, నానబెట్టిన పచ్చిశనగలు. చలికాలం, నేల మంచులా ఉండేది. కరెంటు కూడా పోయింది.

మామ ఉండబట్టలేకపోయాడు. చాయ్ లేక ఆయన మొహం పీక్కుపోయింది, నిజమే. కానీ ఆయన లేచింది చాయ్ కోసమే అంటే నేనొప్పుకోను. కుర్రాళ్లలో ఒకడికి పచ్చిశనగలు పడక కడుపు పట్టేసి మెలికలు తిరుగుతున్నాడు. వాడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాడు మామే.

"సార్, ఈ రూలు తీసెయ్యల్ల," అన్నాడు ఇంజనీరు గారితో. "నేనేమన్నా ఆ పాపకు చెడుపు కోరతాండానా? నాకూ బిడ్డలుండారు. కానీ పైకి పోతే వాళ్లు కొడతారు, కింద వొండుకుందామంటే మీ రూలు కొడతాది. ఇంతమందిమి పచ్చిగింజలు నమిలి ఎన్నాళ్లుండేది? ఒక్కపూట, ఒక చిన్న పొయ్యి. రోంత పొగ. అంతే గదా?"

"పొగకి కొంచెం, బోలెడు అని ఉండదండీ. తలుపులన్నీ బిగించిన గదిలో అదెక్కడికి పోతుంది? ఆ అమ్మాయి మందు అయిపోయింది. ఆయాసమొస్తే ఏ ఆస్పత్రికి మోసుకెళతారు, చెప్పండి?"

"మూల్లో పెడదాం సార్ పొయ్యి. మెట్ల తలుపు రోంత తెరుద్దాం."

"గింత చాయ్ నీళ్లు లేకుంటె పానం నిలుస్తలేదు సార్," అన్నాడు వెల్డరు. "అక్కా, నువ్వేమనుకోకు."

అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. ఒకరి కోసం అందరూ ఆకలితో ఉండాలా అని ఒకరు, మనిషి ప్రాణం కన్నా అన్నం ఎక్కువా అని ఒకరు. నా గురించే మాట్లాడుతున్నారు, నా ఎదురుగానే. మామ నా దగ్గరికొచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"పాపా, నీ మీద కోపం కాదు."

"తెలుసు మామా. పెట్టుకోండి పొయ్యి. నాకేం కాదు," అన్నాను. రోషం, అంతే. నా మూలంగా ఎవరూ శనగలు నమలాల్సిన పని లేదు.

"నువ్వు గమ్మునుండు," అన్నారు మా ఆయన.

ఇంజనీరు గారు సరే, ఓటింగు పెడదామన్నారు. "రూలు తీసేయాలన్నవాళ్లు చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. రూలు తీసేయాలన్న మామ చెయ్యి కూడా. చేతులెత్తడం అప్పటికి మాకు చెక్‌పోస్టు దగ్గర, తుపాకీ ఎదురుగా చేసే పని. ఆ మాట వినగానే కుర్రాళ్ల మొహాలు పాలిపోయాయి. ఇంజనీరు గారికీ అర్థమైంది, తల దించుకున్నారు.

మామ లేచి తన మూటలోంచి, శుక్రవారాలు మాకు పోసే ఫింజాన్లు తీశాడు. తలా ఒకటి ఇచ్చాడు. "చేతులొద్దు సార్. నేను ఖాళీ దల్లా పట్టుకుని ఒకరొకరి కాడికే వొస్తా. పొయ్యి కావాలన్నోళ్లు ఫింజాన్ నిలబెట్టండి. వొద్దన్నోళ్లు ఊపండి. దీవానియాలో షేకులకైనా ఇదే లెక్క."

ఇంజనీరు గారు ఊపారు. మా ఆయన గట్టిగా ఊపారు. కుర్రాళ్లందరివీ నిలబడ్డాయి. రాజంపేట పిల్ల నా వైపు చూసి, ఏడుస్తూ నిలబెట్టింది. నా ముందుకొచ్చి దల్లా వంచాడు మామ. నేను ఊపలేదు. రాయిలా పట్టుకున్నాను. ఆయన నా కళ్లలోకి చూసి కొంచెం తటపటాయించాడు. కానీ గెలిచాడు గదా, ఆ సంతోషం ఊరుకోనివ్వదు.

ఖలాస్, రూలు ఎగిరిపోయింది.

ఆ మధ్యాహ్నం మామను చూడాలి! మూలన ఇటుకలు పేర్చాడు. కుర్చీ కోళ్లు విరిచి మంట పెట్టాడు. తువాలు నడుముకి బిగించి, ఉఫ్ ఉఫ్ అని ఊదుతూ, అన్నం వండాడు. తర్వాత ఎక్కడో దాచిన డబ్బాపాలతో చాయ్ పెట్టాడు. ఏలకుల వాసన గుప్పుమనగానే అందరూ పొయ్యి చుట్టూ చేరారు. వెల్డరు కళ్లు తుడుచుకున్నాడు. మొదటి ఫింజాన్ మామ నాకే తెచ్చిచ్చాడు. వేడిగా, చిక్కగా ఉంది. నేను అంత రుచి గల చాయ్ ఇంతవరకూ తాగలేదు, ఆ మాట ఒట్టేసి చెబుతాను.

మెట్ల తలుపు తెరిచినా పొగ అటు పోలేదు. కప్పు కింద పరుచుకుని మెల్లగా దిగింది. ముందు గొంతులో దురద. మింగేశాను. దగ్గొస్తే కొంగు నోట్లో కుక్కుకున్నాను. అందరూ చాయ్ తాగుతూ నవ్వుకుంటున్నారు, ఎన్నాళ్లకో. ఆ నవ్వు నా వల్ల ఆగకూడదని ఉంది నాకు. కానీ ఛాతీ మన మాట వినదు. పిల్లికూతలు మొదలయ్యాయి. మా ఆయన కన్నా ముందు విన్నది మామే. రెండోసారి పోయడానికి చాయ్ గిన్నె పట్టుకుని వస్తున్నవాడు ఆగాడు. చెవి పెట్టి విన్నాడు. నా మొహం చూశాడు.

"యా అల్లా," అంటూ వెనక్కి తిరిగి, గిన్నెలో ఉన్న చాయ్ మొత్తం పొయ్యిలో కుమ్మరించాడు. బుస్సుమంది.

ఆయనా, మా ఆయనా కలిసి నన్ను ఎత్తుకుని మెట్ల మలుపు దగ్గర కూర్చోబెట్టారు. అక్కడ గాలి కాస్త నయం. నాకు గాలి లోపలికి పోతోంది గానీ బయటికి రావడం లేదు. కళ్ల ముందు నల్లచుక్కలు. మామ అన్నం గిన్నె మూత తెచ్చి విసురుతూనే ఉన్నాడు. "మెల్లిగా పాపా. రోంత వొదులు. ఇంగ రోంత. ఆ, అట్ల. నేనుండా గదా." చెయ్యి మార్చుకున్నాడు తప్ప ఆపలేదు. పొద్దు వాలే వేళకు ఊపిరి దారిలో పడింది. నేను చచ్చిపోతానని ఆ రోజు నిజంగా అనుకున్నాను. ఆయనా అనుకున్నాడని ఆయన మొహమే చెప్పింది.

నేను మాట్లాడగలిగాక మొదట అన్నది, "మామా, నేనూ ఓటేశాను గదా. నీ తప్పేం లేదు."

"అందరి ఓట్లూ అడిగినా పాపా," అన్నాడు. "నీ ఛాతీని మాత్రం అడగల్య."

మర్నాడు పొద్దున ఇంజనీరు గారు, మరి ఇక రూలు మళ్లీ ఉన్నట్టే కదండీ అన్నారు. మామ ఒప్పుకోలేదు. "అట్ల కాదు సార్. ఓట్లడిగి తీసింది నేను. ఓట్లడిగి పెట్టాల్సిందీ నేనే." మళ్లీ ఫింజాన్లు పంచాడు. మళ్లీ ఖాళీ దల్లా. ఒక్కొక్కరి ముందూ వంగి, అందులో నిజంగా గహ్వా ఉన్నట్టే ముక్కు వంచి నిలబడ్డాడు. ఒక్కొక్కరే ఊపారు. రాజంపేట పిల్ల ఆయన దగ్గరికి రాకముందే ఊపేసింది. వెల్డరు మాత్రం నిలబెట్టి పట్టుకున్నాడు. చాయ్ రుచి చూసిన నాలుక వాడిది, వాణ్ణీ అనలేం. మామ కదల్లేదు. దల్లా వంచి అలాగే నిలుచున్నాడు. ఎంతసేపో. దించలేదు. చివరికి వెల్డరుకి సిగ్గూ నవ్వూ కలిసొచ్చి, "నీకో దండం చాచా," అని ఊపాడు. ఆఖరికి మామ తన ఫింజాన్‌లో తానే పోసుకున్నట్టు చేసి, గట్టిగా ఊపి, దల్లా మీద బోర్లించాడు.

"మరి వంట?" అన్నారు ఇంజనీరు గారు.

"నేనుండా గదా సార్."

ఆ తెల్లారేసరికే ఆకాశం మారిపోయి ఉంది. వెళుతూ వెళుతూ ఇరాకీ సైన్యం చమురు బావులకు నిప్పు పెట్టింది. మధ్యాహ్నం పూట చీకటి. వీధిలో మసి వాన. మామ మెట్లెక్కి చూసొచ్చి, "ఊరంతా ఒకే పొయ్యి అయిపాయ. ఇంగ నా పొయ్యి ఎవునికి కనపడతాది?" అన్నాడు. నిజమే, ఆ నల్లటి పొగలో మా వంటపొగను గుర్తుపట్టేవాళ్లు లేరు. రోజూ ఒక్కడే పైకెళ్లి, తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని, ఆ గాలిలో నిలబడి వండి, గిన్నెల మీద మూతలు బిగించి కిందికి తెచ్చేవాడు. ఇంకెవర్నీ రానిచ్చేవాడు కాదు. దిగేటప్పుడు మొహమంతా మసి, కళ్లూ పళ్లూ మాత్రం తెల్లగా. మేం నవ్వేవాళ్లం. ఆయనా నవ్వి, దగ్గి, మా ఆయన తువాలుకు మొహం తుడిచేసేవాడు. యుద్ధం ముగిసి, వీధిలో జనం కేకలు వినబడిన రోజు కూడా ఆయన పైనే ఉన్నాడు, పప్పు ఉడకలేదని.

తర్వాత కఫీల్ తిరిగొచ్చాడు. మామ దల్లా తీసుకెళ్లి అప్పగిస్తే, ఆయన దాన్ని చేతుల్లోకి తీసుకుని ఏడ్చాడట. మామ పని మానుకుని ఊరికి వచ్చేసేటప్పుడు ఆ దల్లానే ఇచ్చి పంపాడు. మేమూ కొన్నేళ్లకు కడప వచ్చేశాం. పండక్కి సేమ్యా పంపేవాడు. ఫోను చేస్తే "హలో" అనడు, ఫింజాన్లు టిక్కుటిక్కుమనిపించేవాడు.

రెండేళ్లుగా ఆ టిక్కుటిక్కు వెనక దగ్గు వినబడటం మొదలైంది. ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారు. జీవితమంతా గహ్వా కాచే బొగ్గుల దగ్గర నిలబడ్డ మనిషి, దేనివల్ల అన్నది డాక్టరూ చెప్పలేదు, నేనూ చెప్పలేను. కానీ ఆ మసి మొహం నా కళ్ల ముందు నుంచి పోదు. పోనివ్వను కూడా.

పోయిన వానాకాలం చూడటానికి వెళ్లాం. ముందుగదిలో మంచం, పక్కన గుర్రుమంటూ ఆక్సిజన్ మిషను, ముక్కుకి గొట్టం. పొట్ట ఏమైందో, మంచంలో సగం కూడా లేడు. ఇంట్లో పొగ, ఘాటు ఉండకూడదన్నారట డాక్టరు. గురువారం సాయంత్రం ఊదు లేదు. పోపు కూడా లోపల పెట్టరు. పెరట్లో రేకు కిందికి మార్చారు వంట. వాన జల్లు పడుతుంటే కోడలు కొంగు నెత్తిన కప్పుకుని అక్కడే చపాతీలు కాలుస్తోంది.

మామ నా చెయ్యి పట్టుకున్నాడు. మాటకూ మాటకూ మధ్య ఆగుతున్నాడు. "పాపా, నీ మాటయితే ఇంటారు వీళ్లు. ఈ రూలు తీసెయ్యమని చెప్పు. ఆ బిడ్డ వానలో నానతాంది. నా ఒక్కని కోసరం ఇంతమంది యాల కష్టపడేది?"

"నేను చెప్పను మామా."

"అయితే ఓట్లు పెట్టు."

వద్దన్నా వినలేదు. అలమరలోంచి దల్లా దింపించాడు, ఫింజాన్లు తెప్పించాడు. వంట లోపలికి రావాలన్నోళ్లు నిలబెట్టండి, వద్దన్నోళ్లు ఊపండి అన్నాడు. ఆ రెండు ముక్కలకే ఆయాసపడ్డాడు. దిండుకు ఆనుకుని ఖాళీ దల్లా వంచాడు. ఆయన భార్య ఊపింది. కొడుకు ఊపాడు. తడిసిన కొంగుతోనే లోపలికి వచ్చి కోడలు ఊపింది, "మీరు గమ్మున పనుకోండి మామా," అంటూ. మా ఆయన ఊపారు.

చివర నేను. దల్లా ముక్కు నా ఫింజాన్ మీదికి వంచి అలాగే పట్టుకున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. వెల్డరు ముందు నిలబడ్డప్పటి చూపే. ఒక్క ఓటు, ఒక్కటంటే ఒక్కటి, తన వైపు పడాలని. నేను ఊపాను. ఆయన దించలేదు. మళ్లీ ఊపాను. చెయ్యి వణుకుతోంది, అయినా దించడు. కళ్ల నీళ్లు కారుతున్నా నేను ఊపుతూనే ఉన్నాను. మిషను గుర్రుమంటోంది, పెరట్లో వాన పడుతోంది.

ముందు ఆయన చెయ్యే అలిసిపోయింది.